బోరుబండిని పిలిచే ముందు..

ఇంటికి పునాది తీయకముందే, ఒక్క ఇటుకైనా దించకముందే పడే ఖర్చు బోరు. పట్టుచీర కొనాలంటే నాలుగు కొట్లు తిరుగుతాం. ఫ్రిజ్ కొనాలంటే పదిమందిని అడుగుతాం. అదే బోరు దగ్గరికొచ్చేసరికి, ‘మా పక్కింటివాళ్లకు వేసిన బండేనట’ అన్న ఒక్క మాట మీద వేలకు వేలు అప్పగించేస్తాం. ఎవరిని పిలవాలి? ఏం అడగాలి? ఎక్కడ ఆపమనాలి? ఈ మూడింటికీ జవాబులు బండి వీధిలోకి రాకముందే మన దగ్గరుండాలి.

రాత్రి పది దాటింది. వీధిలోకి రెండు లారీలొచ్చి ఆగాయి. ఒకదాని మీద రిగ్గు, రెండోదాన్నిండా ఇనుప రాడ్లు, కేసింగ్ పైపులు. ఇంటావిడ పసుపు, కుంకుమ చల్లి హారతిచ్చింది. ఇంటాయన కొబ్బరికాయ కొట్టాడు. కంప్రెసర్ హోరుకు వీధి వీధంతా లేచి కూర్చుంది.

వంద అడుగులు దిగింది. తెల్లటి దుమ్ము. రెండొందలు. అదే దుమ్ము. మూడొందలు. కాస్త తడి తగిలినట్టే తగిలి మళ్లీ దుమ్ము. అప్పటికి అర్ధరాత్రి దాటింది. పక్కింటి పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. అప్పుడు డ్రైవరు రిగ్గు ఆపి వచ్చి అడుగుతాడు..

‘‘సార్, ఇంకో వంద వేద్దామా?’’

వేయించకపోతే ఇంతవరకూ పోసిన డబ్బు వృథా అవుతుందేమోనన్న బెంగ. వేయిస్తే చేతిలో ఉన్నది చాలదేమోనన్న భయం. మరో పది అడుగుల్లోనే గంగమ్మ ఉందేమోనన్న ఆశ. ఎక్కువసార్లు గెలిచేది ఆశే! ‘సరే, వెయ్యండి’ అంటాడు ఇంటాయన. నాలుగొందల దగ్గర మళ్లీ అదే ప్రశ్న. ఐదొందల దగ్గరా అదే. తెల్లారేసరికి బిల్లు అనుకున్నదానికి రెండింతలు దాటుతుంది.

ఈ ఇల్లు ఫలానావారిదని చెప్పక్కర్లేదు. హైదరాబాద్ శివారు కాలనీల్లో, కరీంనగర్‌లో, అనంతపురంలో, చిత్తూరులో.. రాతినేల ఉన్న ప్రతి ఊళ్లోనూ ఇలాంటి రాత్రి ఒకటి ఉంటుంది. అక్కడ అసలు తప్పు రాతిది కాదు. రాత్రి రెండింటికి తీసుకోకూడని నిర్ణయాన్ని రాత్రి రెండింటికి తీసుకోవడం!

కొంటున్నది నీళ్లు కాదు..

బోరు విషయంలో ముందుగా ఒంటబట్టించుకోవాల్సిన సంగతి ఒకటుంది. మనం డబ్బిచ్చేది నీళ్లకు కాదు, రంధ్రానికి. బోరుబండి వాళ్లు అడుగుకు ఇంత అని తీసుకుంటారు. నీళ్లు పడినా అంతే, పడకపోయినా అంతే. ఇందులో మోసమేమీ లేదు. రాతిని తొలిచేందుకు డీజిలు కాలింది, బిట్టు అరిగింది, మనుషులు రాత్రంతా నిలబడ్డారు. ఆ కష్టానికి ఖరీదు అది.

కానీ ఈ లెక్కలో ఒక మెలిక ఉంది. లోతు పెరిగేకొద్దీ బండివాళ్ల ఆదాయం పెరుగుతుంది, మన ఖర్చు పెరుగుతుంది. అందుకే ‘నీళ్లు గ్యారంటీ సార్’ అనేవాళ్లను చూస్తే మురిసిపోకూడదు. భూమి కింద ఏముందో వందశాతం చెప్పగలిగేవారు లేరు. రంధ్రం గురించి మాత్రం హామీ ఇవ్వొచ్చు. నిటారుగా ఉంటుందని, కేసింగ్ గట్టి రాతిలో కూర్చుంటుందని, చెప్పిన అడుగులు నిజంగా తవ్వుతామని, వెళ్లేముందు మూత బిగించి వెళ్తామని! మంచి బోరు కాంట్రాక్టరు అంటే ఈ నాలుగూ కాగితం మీద రాసిచ్చేవాడు. నీళ్ల గురించి ఒట్టుపెట్టేవాడు కాదు.

రాతి కింద కథ

తెలంగాణలో చాలా భాగం, రాయలసీమలో పెద్ద భాగం గ్రానైటు జాతి గట్టి రాళ్ల నేల. పైన మట్టి. దాని కింద మొరం, అంటే ఎండకూ వానకూ వేల ఏళ్లుగా చివికిన రాయి. ఆ కింద పగుళ్లున్న రాయి. ఇంకా కిందికి పోతే పగుళ్లు పలచబడి ఒకే బండ. వాననీరు మట్టిలోంచి, మొరంలోంచి జారి పగుళ్లలో చేరుతుంది. బోరుకు దొరికేది ఆ పగుళ్లలోని నీరే. బోరుబండి వాళ్లు దీన్నే ‘గ్యాపు తగిలింది’ అంటారు.

అంటే భూమి కింద చెరువులూ లేవు, నదులూ లేవు. ఉన్నవి చీలికలు. ఆ చీలిక మీదుగా మన రంధ్రం పోతే నీళ్లు. రెండడుగులు పక్కగా పోతే దుమ్ము. పక్కింట్లో పుష్కలంగా పడి మనింట్లో పడకపోవడానికి కారణం ఇదే తప్ప, మన జాతకం కాదు! లోతుకు వెళ్లేకొద్దీ బండ బరువుకు చీలికలు మూసుకుపోతూ తగ్గుతాయి. అక్కడక్కడా బాగా లోతున నీళ్లు పడే మాట నిజమే. కానీ ‘ఎంత లోతుకు పోతే అన్ని నీళ్లు’ అన్న నమ్మకం రాతినేలలో చెల్లదు.

వికారాబాద్, జహీరాబాద్ వైపు నల్లరాతి పొరలు, కర్నూలు, కడప వైపు సున్నపురాయి, కృష్ణా గోదావరి డెల్టాల్లో ఇసుక, ఒండ్రు. నేల మారితే తవ్వే పద్ధతీ మారుతుంది. కాబట్టి కాంట్రాక్టరును అడగాల్సిన మొదటి ప్రశ్న రేటు కాదు. ‘మా చుట్టుపక్కల ఎన్ని బోర్లు వేశారు? ఎన్ని అడుగులకు పడ్డాయి? ఎన్ని ఫెయిలయ్యాయి?’ అన్నది. ఫెయిలైన వాటి గురించి దాచకుండా చెప్పేవాడు దొరికాడంటే సగం పని అయినట్టే.

పాయింటు ఎవరు పెట్టాలి?

వాస్తు ప్రకారం ఈశాన్యం. వేపపుల్ల చెప్పినదాని ప్రకారం నైరుతి. అరచేతిలో కొబ్బరికాయ నిలబడిన చోటు ఇంకెక్కడో! పాయింటు పెట్టడంలో మనవాళ్లకు ఉన్నన్ని దారులు ఇంకెందులోనూ లేవు. పుల్ల, కొబ్బరికాయ పద్ధతులు శాస్త్రీయ పరీక్షలకు నిలబడలేదు. అవి ఫలించినట్టు కనిపించడానికి కారణమూ ఉంది. చాలాచోట్ల ఎక్కడ తవ్వినా ఎంతోకొంత తడి తగులుతుంది. పడినచోట పేరొస్తుంది, పడనిచోట ఎవరూ గుర్తుపెట్టుకోరు.

భూగర్భ శాస్త్రవేత్తలు చేసేది వేరు. నేలలో కొన్ని ఇనుప కడ్డీలు పాతి, వాటి గుండా కరెంటు పంపి, లోపలి పొరలు ఆ కరెంటును ఎంతగా అడ్డుకుంటున్నాయో కొలుస్తారు. పొడిబండ ఎక్కువగా అడ్డుకుంటుంది. తడి ఉన్న మొరం, పగుళ్లున్న రాయి తక్కువగా అడ్డుకుంటాయి. దీన్నే రెసిస్టివిటీ సర్వే అంటారు. దీనితో మొరం ఎంతవరకుందో, గట్టిరాయి ఎక్కడ మొదలవుతుందో ఒక అంచనా వస్తుంది. కేసింగ్ ఎన్ని అడుగులు పట్టొచ్చో ముందే తెలుస్తుంది. ఇదీ నూటికి నూరుపాళ్లు హామీ కాదు. ఇరుకు స్థలాల్లో, కరెంటు తీగలు, పైపుల మధ్య సర్వే సరిగా సాగదు కూడా. అయినా చీకట్లో రాయి వేయడానికీ, టార్చి పట్టుకుని వేయడానికీ తేడా ఉంది కదా!

ప్రతి జిల్లాలోనూ భూగర్భ జల శాఖ కార్యాలయం ఉంటుంది. ఊళ్లలోని పరిశీలక బావుల్లో నీటిమట్టం ఎంత లోతున ఉందో ఆ శాఖ ఎప్పటికప్పుడు నమోదు చేస్తుంది. పాయింటు పెట్టించుకునే ముందు అక్కడికెళ్లి, మన ప్రాంతంలో వేసవికి నీటిమట్టం ఎక్కడికి దిగిపోతోందో కనుక్కోవడం మంచిది. బోరుబండి కమీషను మీద పాయింటు పెట్టేవారైతే మాత్రం ఆలోచించుకోవాలి. లోతు పెరిగితే లాభం వచ్చే వ్యక్తి లోతు గురించి సలహా ఇవ్వకూడదు.

బండి ఎవరిది?

మన ఊళ్లలో తిరిగే చాలా రిగ్గుల మీద తమిళ అక్షరాలు చూసే ఉంటారు. తమిళనాడులోని నామక్కల్ జిల్లా తిరుచెంగోడు రిగ్గుల ఊరుగా దేశమంతటా పేరుపడింది. అక్కడి బండ్లు రాష్ట్రాలు దాటి వస్తాయి. నైపుణ్యం ఉన్న పనివాళ్లే. సమస్యల్లా మనకూ వాళ్లకూ మధ్యనున్న ఏజెంటుతోనే. మాట ఇచ్చేది ఒకరు, తవ్వేది ఇంకొకరు. రేపు మోటారు ఇరుక్కుంటే బండి వేరే రాష్ట్రంలో ఉంటుంది, ఏజెంటు ఫోనెత్తడు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో వాల్టా చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్ల పరిరక్షణ కోసం చేసిన చట్టం అది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణలోనూ కొనసాగుతోంది. దాని ప్రకారం బోరు వేయడానికి అనుమతి తీసుకోవాలి. రిగ్గుల యజమానులు తమ రిగ్గును నమోదు చేసుకోవాలి. ప్రజల తాగునీటి బావికో బోరుకో 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. తహసీల్దారు కార్యాలయంలోనో భూగర్భ జల శాఖ కార్యాలయంలోనో అడిగితే దరఖాస్తు ఎలాగో చెబుతారు. తెలంగాణలో మీసేవ ద్వారా కూడా పెట్టుకోవచ్చు.

‘అవన్నీ ఎందుకు సార్, రాత్రికి రాత్రి వేసి వెళ్లిపోతాం’ అంటాడు ఏజెంటు. ఆ ఒక్కమాట చాలు, అతణ్ని వద్దనుకోవడానికి! అనుమతి లేని బోరుకు రసీదు ఉండదు. రసీదు లేని పనికి అడిగే నాథుడుండడు. రిగ్గు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమంటే నసిగేవాడు, రేపు ఏ కాగితమూ ఇవ్వడు.

కాగితం మీద రాయించుకోండి

‘అడుగుకు వంద’ అని ఫోనులో విన్న రేటుకూ, తెల్లారి చేతికొచ్చే బిల్లుకూ పొంతన ఉండదు. ఎందుకంటే రేటు అన్ని అడుగులకూ ఒకటి కాదు. మొదటి మూడొందల అడుగులకు ఒక రేటు. ఆపై ప్రతి వందకూ పెరుగుతూ పోతుంది.

లెక్క కోసం ఇలా అనుకుందాం. మొదటి 300 అడుగులకు అడుగుకు 100 రూపాయలు. తర్వాతి వందకు 110, ఆ తర్వాత 120, ఆపై 140. అప్పుడు 300 అడుగుల బోరుకు 30,000 అవుతుంది. 600 అడుగులకు? రెట్టింపు లోతే కదా, 60,000 అనుకుంటాం. కానీ 67,000 అవుతుంది. అక్కణ్నుంచి వందవందకూ 160, 180, 200, 230 చొప్పున వేసుకుంటూ పోతే వెయ్యి అడుగులకు 1,44,000! చివరి వంద అడుగులకే 23,000. మీ ఊరి రేట్లు వేరుగా ఉండొచ్చు. కానీ లెక్క నడిచే తీరు మాత్రం ఇదే.

ఇది కాక కేసింగ్‌కు విడిగా అడుగు లెక్క. బోరు కడిగే ఫ్లషింగ్‌కు, బండి రాకపోకలకు, కుర్రాళ్ల బత్తాకు, మూతకు.. ఒక్కొక్కటీ చివర్లో బయటపడుతుంది. అందుకే కనీసం ముగ్గురి దగ్గర రేట్లు రాతలో తీసుకోండి. ఏ లోతుకు ఎంత, కేసింగ్ ఏ కంపెనీది, ఎంత మందం, అడుగు ఎంత, పన్నుతో కలిపా విడిగానా, మధ్యలో బిట్టు ఇరుక్కుంటే ఎవరి బాధ్యత, రంధ్రం వంకర వస్తే ఏం చేస్తారు.. అన్నీ ఉండాలి. ముగ్గురిలో అందరికన్నా తక్కువ చెప్పినవాడి కాగితంలో ఏది లేదో చూడండి. అసలు రేటు అక్కడే దాక్కుని ఉంటుంది.

ఇంటిని నిలబెట్టేది పునాది, బోరును నిలబెట్టేది కేసింగ్

బోరు పైభాగం కాస్త వెడల్పుగా తవ్వి, మట్టీ మొరం కూలిపోకుండా పైపు దించుతారు. అదే కేసింగ్. కింద గట్టిరాతిలో పైపు అక్కర్లేదు. సాధారణంగా ఆరున్నర అంగుళాల రంధ్రం అలాగే నిలబడుతుంది. ఈ పైపు చివర గట్టిరాతిలోకి కొన్ని అడుగులు దిగి బిగుసుకోవాలి. డబ్బు మిగులుతుందని మొరంలోనే ఆపేస్తే మొదటి వానకు మట్టి లోపలికి జారుతుంది. నీళ్లు ఎర్రగా వస్తాయి. మోటారు బురదలో కూరుకుని పైకి రాదు. అప్పుడు పోయేది కేసింగ్ డబ్బు కాదు, మొత్తం బోరు.

బోరు కేసింగ్ కోసం తయారయ్యే పీవీసీ పైపులకు భారతీయ ప్రమాణం ఉంది. పైపు మీద ఐఎస్ఐ గుర్తుతోపాటు ఐఎస్ 12818 అన్న అంకె ఉందో లేదో చూసుకోండి. మామూలు డ్రైనేజీ పైపులు పనికిరావు. కేసింగ్ నేలపైకి కనీసం అడుగో అడుగున్నరో లేచి ఉండాలి. పైపుకూ మట్టికీ మధ్యనున్న సందును పైన సిమెంటుతో మూయించాలి. ఎందుకంటే కాలనీ ఇళ్లలో బోరుకు కూతవేటు దూరంలోనే సెప్టిక్ ట్యాంకు ఉంటుంది. రెంటికీ మధ్య 50 అడుగులైనా ఉండాలన్నది మామూలుగా చెప్పే జాగ్రత్త. రెండొందల గజాల స్థలంలో అది కుదరడం కష్టం. కనీసం ఆ సందునైనా మూయిస్తే, పైనుంచి మురుగు సరాసరి బోరులోకి దిగదు.

బండి వచ్చిన రోజు

మీ ఇంట్లో లెక్కలు బాగా వచ్చిన పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి. పని మొదలుకాకముందే ఒక రాడ్డును టేపుతో కొలవాలి. చాలా బండ్లకు ఇరవై అడుగులుంటుంది. కొన్నింటికి తక్కువుంటుంది. రాడ్డు దిగిన ప్రతిసారీ ఒక గులకరాయి పక్కన పెట్టాలి. చివర్లో రాళ్లను లెక్కపెట్టి, రాడ్డు పొడవుతో గుణిస్తే లోతు వచ్చేస్తుంది. 22 రాళ్లుంటే 440 అడుగులు. బిల్లులో 500 అని ఉంటే అరవడం అక్కర్లేదు, రాళ్లు చూపిస్తే చాలు! కేసింగ్ పైపులనూ దించకముందే కొలిచి పెట్టుకోవాలి. దిగాక ఎవరూ కొలవలేరు.

ఇరవై అడుగులకోసారి పైకొచ్చే పొడిని గుప్పెడు తీసి కవరులో వేసి, అడుగులు రాసి ఉంచండి. ఎర్రమట్టి ఎక్కడ ఆగింది, తెల్లపొడి ఎక్కడ మొదలైంది, తడి ఎక్కడ తగిలింది, నీళ్లు ఎక్కడ చిమ్మాయి.. అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. రేపు మోటారును ఎన్ని అడుగుల్లో దించాలో చెప్పేది ఆ పుస్తకమే. పదేళ్ల తర్వాత బోరు బాగుచేయించాల్సి వస్తే అప్పుడూ అదే దిక్కు. మంచి డ్రిల్లరు ఈ వివరాలు అడగకుండానే రాసిస్తాడు.

పని అయ్యాక చివరి పరీక్ష ఒకటుంది. మోటారంత లావున్న పది అడుగుల పైపును తాడు కట్టి బోరులోకి దించి చూడమనండి. ఎక్కడా పట్టకుండా దిగితే రంధ్రం నిటారుగా ఉన్నట్టు. పట్టిందంటే రేపు మోటారూ అక్కడే పడుతుంది. ఇది బండి ఉండగానే చూసుకోవాలి. డబ్బు మొత్తం ఇచ్చేశాక కాదు.

‘రెండించుల నీళ్లు’ అంటే ఎన్ని?

బోరు దగ్గర ఎప్పుడూ వినబడే మాట ‘ఇంచు’. ఒకించు పడ్డాయంటే నిట్టూరుస్తారు, రెండించులంటే స్వీట్లు పంచుతారు. ఇంతకీ ఇంచు అంటే ఏమిటి? ‘వి’ ఆకారంలో గాటు పెట్టిన రేకును కాలువకు అడ్డంగా నిలబెట్టి, ఆ గాటులోంచి నీళ్లు ఎంత ఎత్తున పారుతున్నాయో కొలవడం. తొంభై డిగ్రీల గాటులో ఒక అంగుళం ఎత్తున పారితే గంటకు సుమారు 500 లీటర్లు. రెండంగుళాలైతే వెయ్యి అనుకుంటున్నారా? కాదు. దాదాపు 2,900 లీటర్లు! మూడంగుళాలైతే సుమారు 8,000. అంగుళం పెరిగితే నీళ్లు ఎన్నో రెట్లు పెరుగుతాయి.

మరి మన ఇంటికి కావాల్సిందెంత? పట్టణాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అన్నది ప్రభుత్వ ప్రమాణం. ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు. అంటే నిట్టూర్చి వదిలేసే ఆ ‘ఒకించు’ నీళ్లు నిలకడగా వస్తే, గంటన్నర లోపే ఇంటికి సరిపడా ట్యాంకు నిండుతుంది! మొక్కలకూ చుట్టాలకూ కలుపుకున్నా మూడు గంటలు చాలు. ఇంటికి కావాల్సింది ఇంటి బోరే, వరిమడి బోరు కాదు. ఈ లెక్క తెలియకే చాలామంది నాలుగొందల అడుగుల్లో చాలినన్ని నీళ్లున్నా ఎనిమిదొందలకు దిగుతున్నారు.

అయితే కంప్రెసర్ గాలికి చిమ్మిన నీళ్లను చూసి లెక్కేసుకోవద్దు. మోటారు దించాక ఒక పూటంతా ఆడించి చూడాలి. 20 లీటర్ల బకెట్టు 40 సెకన్లలో నిండితే గంటకు 1,800 లీటర్లు. గంట తర్వాతా, మూడు గంటల తర్వాతా అంతే వస్తుంటే నమ్మొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఇది ఇంకా తగ్గుతుందన్నదీ గుర్తుంచుకోవాలి.

ఎక్కడ ఆపాలి?

మళ్లీ మొదటి ప్రశ్నకే వద్దాం. ‘ఇంకో వంద వేద్దామా?’

దీనికి జవాబు పగటిపూట, ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి. చుట్టుపక్కల బోర్లలో నీళ్లు ఎక్కడ పడ్డాయి, సర్వే ఏం చెప్పింది, చేతిలో డబ్బెంత.. ఈ మూడూ చూసి ఒక లోతు రాసుకోవాలి. ఆ లోతుకు చేరాక ఆగడమే. ఆపై దిగాలంటే నేల ఏదో ఒక గుర్తు చూపించాలి. తడి పెరగడమో, పొడి రంగు మారడమో, పగుళ్ల ముక్కలు రావడమో. ఏమీ లేకుండా గట్టిబండే వస్తోంటే అది ఆశ కాదు, జూదం.

ఆ జూదం ఎంతదాకా పోతుందో నల్గొండ జిల్లా ముషంపల్లి చెబుతుంది. సాగుభూమి రెండువేల ఎకరాలున్న ఆ ఊళ్లో ఆరువేలకు పైగా బోర్లు వేశారని పాత్రికేయుడు పి.సాయినాథ్ 2004లో రాశారు. జనం కన్నా బోర్లే ఎక్కువ! ఒకరు వంద అడుగులు దిగితే పక్కవాళ్లు రెండొందలు. వాళ్లను చూసి ఇంకొకరు మూడొందలు. అందరి గడ్డపారలూ ఒకే కుండలోకి. 2024 వేసవిలో బెంగళూరులో వేల బోర్లు ఒట్టిపోయినప్పుడు నగరాలకూ అదే పాఠం ఎదురైంది.

కోస్తాలో కథ వేరు

డెల్టా జిల్లాల్లో లోతు పిచ్చి ఇంకో రకంగా ముంచుతుంది. సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో పైన పలచగా తీపినీరు, కింద ఉప్పునీరు ఉంటాయి. లోతుకు దిగితే ఉప్పు తగులుతుంది. తీపినీటినే ఎక్కువగా తోడేసినా కింది ఉప్పు పైకి లేస్తుంది. ఇక్కడ రాతిని కొట్టే రిగ్గుతో పనిలేదు. ఇసుకపొర ఎక్కడుందో చూసి, అక్కడికి సరిగ్గా గాట్లున్న పైపు దించి, చుట్టూ గులకరాళ్లు నింపగలిగిన పనివాళ్లు కావాలి. ఏ పొర దగ్గర ఆపాలో తెలిసిన ఊరి మేస్త్రి, పెద్ద బండి కన్నా మేలు.

మూత బిగించాకే డబ్బు

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన మాట. 2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలం పోడ్చన్‌పల్లిలో, పొలంలో కొత్తగా వేసి నీళ్లు పడక వదిలేసిన బోరులో మూడేళ్ల బాబు పడి చనిపోయాడు. అంతకు మూడేళ్ల ముందు, 2017 జూన్‌లో చేవెళ్ల దగ్గరి ఇక్కారెడ్డిగూడలో ఒక పసిపాప అలాగే పోయింది. నీళ్లు పడని బోరును చూసి మనసు విరిగి, ‘తర్వాత చూద్దాంలే’ అని వెళ్లిపోయే ఆ కాస్త సమయమే ప్రాణాల మీదికి తెస్తుంది.

సుప్రీంకోర్టు 2010లో దీనిపై స్పష్టమైన ఆదేశాలిచ్చింది. బోరు వేసే 15 రోజుల ముందే అధికారులకు రాతపూర్వకంగా తెలపాలి. డ్రిల్లింగ్ సంస్థలు నమోదై ఉండాలి. పని జరిగేచోట యజమాని, డ్రిల్లింగ్ సంస్థ చిరునామాలతో బోర్డు పెట్టాలి. చుట్టూ కంచె వేయాలి. కేసింగ్ చుట్టూ అర మీటరు పొడవు, అర మీటరు వెడల్పున సిమెంటు దిమ్మె కట్టాలి. అది 30 సెంటీమీటర్లు నేలపైనా, 30 సెంటీమీటర్లు నేల కిందా ఉండాలి. పైన ఇనుప పలకను వెల్డింగ్ చేయాలి, లేదా గట్టి మూత బోల్టులతో బిగించాలి. మోటారు రిపేరుకు తీసినప్పుడూ తెరిచి వదలకూడదు. పనికిరాని బోరును మట్టి, ఇసుక, రాళ్లతో అడుగు నుంచి నేలమట్టం దాకా నింపేయాలి.

గోనెసంచి కప్పి పైన రాయి పెట్టడం మూత కాదు. కాగితంలో ఈ మాటా రాయించండి, ‘నీళ్లు పడినా పడకపోయినా మూత బిగించాకే చివరి విడత డబ్బు’ అని. ఈ షరతుకు చిరాకుపడే కాంట్రాక్టరు మీ గుమ్మం తొక్కాల్సిన మనిషి కాదు.

నీళ్లు పడ్డాక..

పడిన నీళ్లను తాగే ముందు పరీక్ష చేయించాలి. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ను గుర్తించిన నేల మనది. నల్గొండ బాధ అందరికీ తెలిసిందే. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండటం మంచిది. వేరే దారి లేనప్పుడు ఒకటిన్నర వరకు అనుమతిస్తారు. నైట్రేటు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ సంగతులు రుచిని బట్టి తెలియవు. చల్లగా తియ్యగా ఉన్న నీళ్లలోనూ ఫ్లోరైడ్ ఉండొచ్చు.

ఇక తీసుకున్నది తిరిగివ్వడం. 2000లో నీరు-మీరు పథకంతో ఊరూరా వినబడిన మాట ‘ఇంకుడుగుంత’. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఏడాదికి 800 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 74 వేల లీటర్లు. అందులో ఆవిరైంది, చిందింది పోను అరవై వేల లీటర్లను నేలలోకి పంపొచ్చు. ఆ ఐదుగురి ఇంటికి అవి దాదాపు మూడు నెలల నీళ్లు! ఆఖరి వంద అడుగులకు పోసే డబ్బులో కొంత ఇంకుడుగుంతకు పెడితే, అది ఏటా పనిచేస్తుంది.

*

మళ్లీ అదే రాత్రి. అదే వీధి. రిగ్గు ఆగింది. డ్రైవరు వచ్చి అడిగాడు, ‘‘సార్, ఇంకో వంద వేద్దామా?’’

ఇంటాయన పక్కనున్న గులకరాళ్లు చూశాడు. నోటుపుస్తకం తెరిచి, వారం క్రితం ఇంట్లో అందరూ కూర్చుని రాసుకున్న అంకె చూశాడు. అడుగున తెల్లపొడి తప్ప ఇంకే గుర్తూ లేదు. 280 దగ్గర తగిలిన ఒకించు నీళ్లు మాత్రం ఆగకుండా పారుతున్నాయి.

‘‘చాలు బాబూ, రాడ్లు తీసెయ్. మూత బిగించి వెళ్లు’’ అన్నాడు.

వీధిలో వాళ్లకు కాస్త నిరాశ. ఇంటావిడ మాత్రం లోపలికెళ్లి అందరికీ టీ పెట్టింది. ఆ టీకి నీళ్లు పక్కింటివే. ఇంకో నాలుగు రోజుల్లో మోటారు దిగితే, వాడకానికి తమ బోరు నీళ్లు. పరీక్షలో బాగున్నాయంటే టీకి కూడా!